అచల చలించిన వేళ: భూకంపం దైవాగ్రహమా?

అమరసింహుడు తన నిఘంటువులో భూమికి చెప్పిన పర్యాయపదాలలో ‘అచల’, ‘స్థిర’, ‘సర్వంసహ’ అనేవి ఉన్నాయి. ఆ నిఘంటువులోనే ‘జగతి’ అనే నామం కూడా కనిపిస్తుంది. ఆ పదానికి మూలమైన ధాతువునకు గమనమే అర్థం. చలింపనిదనీ, చలించేదనీ ఒకే భూమికి రెండు నామాలు! మొదటి నామం మానవుని నిత్యానుభవం నుండి పుట్టింది. రెండవ నామంలోని సత్యం ఎప్పుడో ఒకనాడు హఠాత్తుగా అనుభవానికి వస్తుంది. తెలుగునేలపై అది 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు అనుభవానికి వచ్చింది.

ఆ ఉదయం ములుగు జిల్లాలో, మేడారం పరిసరారణ్యంలో, భూతలానికి సుమారు 40 కిలోమీటర్ల లోతున 5.3 పరిమాణం గల భూకంపం జనించింది. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న హైదరాబాదులోనూ ఆ ప్రకంపన పలుచోట్ల తెలిసింది. మార్గశిర శుక్లపక్షం అప్పుడే ఆరంభమైంది. పాతనగరంలో లాల్‌దర్వాజా, గౌలిపురా, హరిబౌలి ప్రాంతాల ఆలయాలలో ప్రాతఃకాలార్చనలు జరిగే వేళ అది. భూమి కొద్ది క్షణాలలోనే శాంతించింది. మనస్సులు మాత్రం అంత త్వరగా శాంతించలేదు.

మేడారంలో సమ్మక్క, సారలమ్మల గద్దెలు కంపించిన దృశ్యం ఆనాడే ఇంటింటి సెల్‌ఫోనుకూ చేరింది. అంతకు మూడు నెలల ముందు, 2024 ఆగస్టు 31న, అదే తాడ్వాయి అడవిలో ప్రచండమైన గాలులకు వేలాది వృక్షాలు నేలకూలి ఉన్నాయి. ఈ రెండు ఘటనలనూ జోడించి, తల్లులు ఆగ్రహించారని పలువురు భావించారు. లోకంలో అధర్మం పెరిగినందువల్లనే భూమాత సహనం కోల్పోయిందని మరికొందరు అన్నారు. ఈ మాటల వెనుక ఉన్న భయభక్తులు పరిహసింపదగినవి కావు. అయితే భక్తి నుండి పుట్టిన ప్రతి నిర్ణయమూ శాస్త్రసమ్మతం కానక్కరలేదు. భూకంపాన్ని దైవదండనగా భావించడం సనాతన తత్త్వచింతనకు అనుగుణమా, విరుద్ధమా అన్నది విచారణీయం. ఆ విచారణకు ముందు భూగర్భంలో వాస్తవంగా జరిగేదేమిటో తెలియాలి.

భూగర్భ వ్యాపారం

భూగోళం వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు. అందులో మానవుడు నివసించే శిలామయమైన పైపొర, అనగా భూపటలం, ఖండాల క్రింద సగటున 35 నుండి 40 కిలోమీటర్ల మందం మాత్రమే. మామిడిపండుకు తొక్క ఎంతో, భూగోళానికి ఈ పటలం అంత. దాని క్రింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం వ్యాపించి ఉంటుంది. ఇది ఘనపదార్థమే అయినా, లక్షల సంవత్సరాల కాలమానంలో గట్టి లక్కవలె మెల్లమెల్లగా ప్రవహిస్తుంది. ఆ లోపల ద్రవరూపమైన బాహ్యకేంద్రమూ, దాని నడుమ ఘనరూపమైన అంతఃకేంద్రమూ ఉన్నాయి. గర్భంలోని తాపం నిరంతరం పైకి ప్రసరిస్తూ ప్రావారాన్ని కదిలిస్తుంది.

భూపటలమూ, దానికి అంటుకొని ఉన్న ప్రావారపు పైభాగమూ కలసి ఒకే అఖండమైన పెంకుగా లేవు. అవి అనేక ఫలకాలుగా విడివడి ఉన్నాయి. భారతదేశాన్ని వహించే ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశగా సాగుతోంది. ఇది ఇంచుమించుగా గోరు పెరిగే వేగం. ఈ మందగమనంతోనే అది సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియా ఫలకాన్ని తాకింది. ఆ సంఘర్షణ నుండి హిమాలయాలు ఉద్భవించాయి. ఆ సంఘర్షణ నేటికీ సాగుతూనే ఉంది.

ఫలకాల అంచులలోనూ, వాటి అంతర్భాగంలోని ప్రాచీన పగుళ్ల వద్దనూ శిలలు ఒకదానినొకటి ఒరుసుకొని, ఘర్షణవల్ల కదలలేక నిలిచిపోతాయి. ఒత్తిడి మాత్రం ఆగదు. ఎక్కుపెట్టిన వింటిబద్ద వంగినట్లు శిల కొద్దికొద్దిగా వంగుతూ శక్తిని నిలువచేసుకొంటుంది. దశాబ్దాలో, శతాబ్దాలో, సహస్రాబ్దాలో గడచిన పిమ్మట ఘర్షణశక్తిని ఆ ఒత్తిడి అధిగమించిన క్షణాన, పగులు వెంట శిలలు ఒక్కసారిగా జారి తమ సహజస్థితికి మరలుతాయి. నారి విడిచిన విల్లు వలె అంతకాలపు సంచితశక్తి తరంగరూపంలో వెలువడుతుంది. 1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని ధ్వంసం చేసిన భూకంపాన్ని పరిశీలించి, హ్యారీ ఫీల్డింగ్ రీడ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. శిలలు జారిన చోటు భూకంపనాభి. దానికి సరిగ్గా పైన భూతలంపై ఉన్న బిందువు అధికేంద్రం.

నాభి నుండి మొదట బయలుదేరేవి ప్రాథమిక తరంగాలు. ఇవి శిలను ముందుకు వెనుకకు నెడుతూ, పటలంలో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో పయనిస్తాయి. వాటి వెనుక, ఆ వేగంలో ఇంచుమించు అరవైపాళ్లతో, ద్వితీయ తరంగాలు శిలను అడ్డంగా ఊపుతూ వస్తాయి. భూతలం వెంట పాకే ఉపరితల తరంగాలు ఇంకా వెనుక చేరుతాయి. గోడలకు అధికహాని చేసేవి ఈ వెనుక వచ్చే తరంగాలే. ములుగు అడవిలో పుట్టిన కంపనం హైదరాబాదు చేరడానికి ప్రాథమిక తరంగానికి అరనిమిషానికి కొంచెం పైగా, ద్వితీయ తరంగానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఈ రెండింటి మధ్య అంతరాన్ని పలు కేంద్రాలలో కొలిచి అధికేంద్రాన్ని నిర్ణయిస్తారు. కొన్ని దేశాలలోని ముందస్తు హెచ్చరికల ఆధారమూ ఇదే. భూకంపం పుట్టిన పిమ్మట, తీవ్రతరంగం చేరకముందు, కొన్ని సెకన్ల వ్యవధి లభిస్తుంది. పుట్టకముందే తేదీని, సమయాన్ని, స్థలాన్ని నిర్ణయించి చెప్పగల విద్య నేటికి ఎవరివద్దా లేదు. అట్లు చెప్పగలమనే వారిని, వారు ఏ వేషంలో ఉన్నా, విశ్వసింపరాదు.

పరిమాణానికీ తీవ్రతకూ గల భేదం కూడా గ్రహింపదగినది. గర్భగుడిలో వెలిగే దీపం ఒక్కటే. దాని కాంతి మూలవిరాట్టు ముఖంపై ఒకలాగు, అంతరాళంలో ఒకలాగు, ముఖమంటపంలో మరొకలాగు ఉంటుంది. దీపపు స్వశక్తి వంటిది పరిమాణం, అది ఒక భూకంపానికి ఒక్కటే. నిలిచిన చోట పడే కాంతి వంటిది తీవ్రత, అది స్థలాన్ని బట్టి మారుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే కంపన విస్తారం పదిరెట్లు, వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి.

దక్షిణాపథం నిశ్చలమా?

హైదరాబాదు నిలిచిన గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇంత ప్రాచీనమైన శిలపై నిలిచిన నగరానికి భూకంపభయం లేదనే విశ్వాసం చిరకాలంగా ఉంది. అది అర్ధసత్యం. దక్షిణాపథం ఫలకపు అంచున లేదు గనుక ఇక్కడ మహాకంపాలు అరుదు. కాని హిమాలయాల వద్ద కలిగే ఒత్తిడి ఫలకమంతటా వ్యాపిస్తుంది. పాత గాయాలున్న చోట అది బయటపడుతుంది. సింగరేణి బొగ్గును గర్భాన దాల్చిన గోదావరీ పరీవాహకం అటువంటి ప్రాచీన విదారణమే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని కంపింపజేసిన 5.7 పరిమాణపు భూకంపమూ, 2024 నాటి ములుగు భూకంపమూ ఆ పరిసరాలకు చెందినవే. 1983లో హైదరాబాదు సమీపాన మేడ్చల్ వద్ద భూమి కంపించింది. 2020 అక్టోబరులో బోరబండలో భూమి నుండి శబ్దాలతో కూడిన స్వల్పకంపనాలు వచ్చి, జనులు ఇండ్ల వెలుపల నిలిచారు.

అన్నింటికంటె పెద్ద హెచ్చరిక కిల్లారి. మహారాష్ట్రలోని లాతూరు జిల్లాకు చెందిన ఆ గ్రామం హైదరాబాదుకు సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉంది. 1993 నాటికి దేశపు భూకంపమండల పటంలో ఆ ప్రాంతం అన్నింటికంటె తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉండేది. అచ్చటనే 6.2 పరిమాణపు భూకంపం సంభవించింది. 2002లో సవరించిన ప్రమాణాలలో ఆ మొదటి మండలాన్నే తొలగించి, దేశాన్ని రెండు నుండి అయిదు వరకు గల నాలుగు మండలాలుగా విభజించారు. అందులో హైదరాబాదు రెండవ మండలంలో ఉంది. ప్రమాదమే లేని మండలం దేశంలో లేదని ఆ సవరణకు తాత్పర్యం.

కిల్లారి వేసిన ప్రశ్న

దైవదండన వాదానికి కిల్లారి కంటె కఠినమైన పరీక్ష లేదు. 1993 సెప్టెంబరు 29న అనంత చతుర్దశి. ఆనాడు మరాఠ్వాడా గ్రామాలలో గణపతి నిమజ్జనోత్సవం జరిగింది. హైదరాబాదు పాతనగరపు వీథుల గుండా చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగరానికి నిమజ్జన శోభాయాత్ర సాగే పర్వదినమూ అదే. విఘ్నేశ్వరుని జలాధివాసానికి సాగనంపి, అలసి, ప్రొద్దుపోయాక కిల్లారి ప్రజలు నిద్రించారు. సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు భూమి కంపించింది. మరణించిన వారి సంఖ్య సుమారు ఎనిమిదివేల నుండి పదివేల వరకు ఉంటుంది.

పదిరోజులు గణేశుని అర్చించి, ఆ ఉత్సవాలంకారాలు ఇంకా వాడకముందే మృత్యువాత పడినవారిని పాపులనడానికి ఏ భక్తునికి నోరు వస్తుంది? ఆ పసిబిడ్డల పాపమేది? ఆ రాత్రి అదే దేవుని అదే విధంగా పూజించిన పాతనగరం ఏ పుణ్యవిశేషం వల్ల క్షేమంగా మేల్కొంది?

ఈ ప్రశ్నకు సమాధానం శిథిలాలలోనే లభించింది. కిల్లారి ఇండ్లలో అధికభాగం మట్టితో కూర్చిన మందమైన రాతిగోడలవి. గోడ లోపలి వరుసకూ వెలుపలి వరుసకూ సరైన బంధం ఉండేది కాదు. పైన, ఎండ తాపాన్ని ఆపడానికి, దూలాలపై అడుగుల మందాన మట్టి పరచి ఉండేది. కంపనానికి రెండు వరుసలూ విడివడి కూలగా, పైకప్పు మట్టి నిద్రించేవారిపై పడింది. తేలికైన గుడిసెలు నిలిచాయి. మరుసటి సంవత్సరం, 1994 జనవరి 17న, అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరప్రాంతంలో నార్త్‌రిడ్జ్ వద్ద 6.7 పరిమాణపు భూకంపం వచ్చింది. కిల్లారి కంటె అయిదురెట్లకు పైగా శక్తి దానిది. అది కూడా తెల్లవారుజామునే వచ్చింది. మృతులు వందమంది లోపు. లాస్ ఏంజెలెస్ వాసుల పుణ్యరాశి కిల్లారి గణేశభక్తుల పుణ్యం కంటె అధికమని వాదించడం అసంభవం. భేదమంతా గోడలలో ఉంది.

దృష్టమూ, అదృష్టమూ

ఇచ్చట పూర్వమీమాంసకుల న్యాయమొకటి స్మరణీయం. కంటికి కనిపించే ప్రయోజనం, హేతువు లభిస్తున్నప్పుడు కనిపించని దానిని కల్పించడం యుక్తం కాదని వారి నిర్ణయం. వేదకర్మలకు అదృష్టఫలాన్ని అంగీకరించిన ఆ ఆస్తికులే ఈ నియమాన్ని విధించారు. అదృష్టం కల్పింపదగినది దృష్టం చాలనిచోట మాత్రమే. భూకంపానికి ఫలకగమనమూ, మృత్యువుకు గోడపతనమూ దృష్టహేతువులుగా ఉండగా, దేవతాగ్రహాన్ని కల్పించడం మీమాంసా న్యాయానికే విరుద్ధం.

క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపానికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. సముద్రంలోని మహాజంతువుల వల్ల కంపం కలుగుతుందని కొందరు, భూభారం వహించే దిగ్గజాలు అలసి విశ్రమించడం వల్లనని కొందరు, వాయువులు పరస్పరం తాకి భూమిపై పడటం వల్లనని కొందరు, ప్రజల ధర్మాధర్మరూపమైన అదృష్టం వల్లనని మరికొందరు చెబుతారని పూర్వాచార్యుల పక్షాలను ఆయన పేర్కొన్నాడు. ఆ పక్షాలు నేడు నిలువవు. భూకంపాలను నక్షత్రాలను బట్టి మండలాలుగా విభజించిన వరాహమిహిరుని సొంత విధానమూ నిలువదు. నిలిచేది ఆయన పద్ధతి. అదృష్టవాదాన్ని ఏకైక సిద్ధాంతంగా గాక, అనేకపక్షాలలో ఒకటిగా ఆయన చూపాడు. జ్యోతిశ్శాస్త్రం ఎరిగిన యవనులు ఋషులవలె పూజనీయులన్న గర్గవచనాన్ని గౌరవించినవాడూ ఆయనే. విద్య ఎచ్చటినుండి వచ్చినా స్వీకరించే ఈ ఔదార్యమే సంప్రదాయం.

ఈ సందర్భంలోనే మరొక వాదం వినిపిస్తుంటుంది. ఆదిశేషుని వేయిపడగలే నేటి శాస్త్రం చెప్పే ఫలకాలనీ, పూర్వులకు ఇదంతా తెలుసుననీ దాని సారాంశం. ఇది కూడా శాస్త్రానికి చేసే సేవ కాదు. శేషుడంటే సమస్తమూ లయించిన పిమ్మట మిగిలేవాడు. జగత్తు తనకుతాను ఆధారం కాదనీ, దానికి అధిష్ఠానమొకటి ఉన్నదనీ చెప్పే తత్త్వసంకేతమది. ఆ సంకేతానికి భూభౌతికశాస్త్రపు ధ్రువపత్రం అవసరం లేదు. అట్లు ధ్రువపత్రాన్ని తగిలిస్తే, రేపు శాస్త్రం తన మాటను సవరించుకొన్ననాడు శేషుని కూడా సవరించవలసి వస్తుంది!

దండనవాదం ఎంతటి మహాత్ముల నోటనైనా నిలువదని ఆధునికచరిత్రలో ఒక నిదర్శనం ఉంది. 1934 జనవరి 15న బీహారును మహాభూకంపం ధ్వంసం చేసినప్పుడు, అది అస్పృశ్యతాపాపానికి దైవం విధించిన శిక్ష అని గాంధీమహాత్ముడు ప్రకటించాడు. అస్పృశ్యతను ద్వేషించడంలో ఆయనతో ఏకీభవించిన రవీంద్రనాథ ఠాకూరు ఈ మాటను మాత్రం బహిరంగంగా ఖండించాడు. భౌతికవిపత్తులకు భౌతికహేతువులే కారణమని ఆయన వాదం. ఇదే తర్కాన్ని ప్రతిపక్షం తిరగవేసి, ఆ భూకంపం గాంధీమహాత్ముని సంస్కరణలకే శిక్ష అనగలదని కూడా ఆయన సూచించాడు. గాంధీమహాత్ముడు ఆ ఖండనాన్ని తన హరిజన పత్రికలోనే ప్రకటించడం ఆయన మహనీయత. కాని తర్కంలో జయం కవిదే. తనకు గిట్టని దానికి ప్రతివాడూ భూకంపాన్ని సాక్షిగా పిలువగలిగితే ఆ సాక్ష్యానికి విలువ ఉండదు.

కర్మసిద్ధాంతం మాటేమిటని సాధకులు అడుగవచ్చు. జగత్తులో కనిపించే వైషమ్యానికి, క్రౌర్యానికి బ్రహ్మమును బాధ్యునిగా చేయరాదనీ, అది జీవుల కర్మను అపేక్షిస్తుందనీ బ్రహ్మసూత్రాలు చెబుతున్నాయి. నిజమే. ఆ సూత్రం ఈశ్వరుని నిర్దోషిత్వాన్ని స్థాపించడానికి చెప్పబడింది. శిథిలాల క్రింద ఉన్నవానిని దోషిగా నిలబెట్టడానికి కాదు. కర్మగతి గహనమని గీతాచార్యుడు స్వయంగా హెచ్చరించాడు. గహనమైన దానిని పొరుగువాని శవాన్ని చూచి సులువుగా చదివేశామనుకోవడం అజ్ఞానం. కర్మసిద్ధాంతం ఎవరికి వారు తమ దుఃఖాన్ని ధైర్యంతో భరించి, తమ వర్తనను శోధించుకొనడానికి ఉపకరించే దీపం. ఇతరుని దుఃఖంపై దానిని ప్రసరింపజేస్తే కరుణ దగ్ధమవుతుంది. వాని కర్మ వానిదని తలచినవాని చేయి గునపాన్ని అందుకోదు.

దేవుడు ఈ దృశ్యం నుండి తొలగిపోడు. ఫలకాలు సాగడంలో, శిల వంగడంలో, తరంగం నిర్ణీతవేగంతో పయనించడంలో తప్పని నియమం ఒకటి ఉంది. ఋషులు దానిని ఋతమన్నారు. హిమవంతుని నిలిపి, గంగాయమునలకు జన్మస్థానం కల్పించినదీ, కిల్లారి గోడను పరీక్షించినదీ ఒకే నియమం. భూగర్భతాపం పూర్తిగా చల్లారి ఫలకాలు ఆగిపోతే భూకంపాలు ఉండవు. క్రొత్త పర్వతాలూ పుట్టవు. ఈ నియమాన్ని ఈశ్వరుని ఆజ్ఞగా దర్శించే భక్తునికి, ఆ ఆజ్ఞ ఏమిటో తెలిసికొనడమే మొదటి పూజ.

పాతనగరపు కర్తవ్యం

మానవదుఃఖాన్ని ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అని శాస్త్రం మూడువిధాలుగా విభజించింది. భూకంపం ఆధిదైవికం, మానవుని చేతిలో లేనిది. కూలే గోడ మాత్రం మానవుడే కట్టినది. రాబోయే దుఃఖమే తప్పింపదగినదని పతంజలి మహర్షి యోగసూత్రాలలో చెప్పాడు. గడచినది గడచింది, అనుభవిస్తున్నది తీరుతోంది, రానున్నదానిపైనే ప్రయత్నానికి అధికారం. భూకంపవిషయంలో ఈ సూత్రానికి అర్థం ఇంటిగోడ వద్ద ఆరంభమవుతుంది.

1591లో చార్మినార్‌తో నెలకొన్న ఈ నగరపు ప్రాచీనభాగంలో రాయి, డంగుసున్నంతో కట్టిన గృహాలు ఎన్నో ఉన్నాయి. సున్నానికి తగిన పోషణ ఉన్నంతకాలం అవి దృఢమైనవే. కాని సంరక్షణలో ఉన్న కట్టడానికి కూడా జీర్ణత తప్పదు. 2019 మే నెలలో గాలివానకు చార్మినార్ మీనారు నుండే గచ్చుభాగం ఒకటి ఊడిపడింది. సంరక్షణ లేని ఇండ్ల సంగతి చెప్పనక్కరలేదు. అట్టి పాతగోడలపైనే స్తంభాలు లేకుండా రెండు, మూడు అంతస్తులు లేపడం, పైన నీళ్లట్యాంకులు నిలపడం, క్రింద గోడలు తొలగించి దుకాణాలకు షట్టర్లు పెట్టడం ఇరుకువీథులలో కనిపించే దృశ్యమే. కుటుంబం పెరిగి, స్థలం పెరగక ఇట్లు కట్టినవారిని నిందించి ప్రయోజనం లేదు. ప్రమాదాన్ని మాత్రం గుర్తించాలి.

2001 జనవరి 26న గుజరాతులోని భుజ్ సమీపాన భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో అనేక బహుళాంతస్తుల భవనాలు కూలి వందలమంది మరణించారు. వాటిలో పలు భవనాల క్రింది అంతస్తు వాహనాలకోసం గోడలు లేక తెరచి ఉంది. బలమైన శరీరం బలహీనమైన కాళ్లపై నిలిచినట్లు అవి నిలిచాయి. కంపనానికి ఆ కాళ్లు విరిగాయి. దూరం రక్షణ కాదనడానికి ఇది ప్రమాణం. నేల స్వభావమూ దీనికి తోడవుతుంది. గట్టిశిలపై కంటె ఒండ్రునేలపై, పూడ్చిన చెరువులపై కంపనం పెరుగుతుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరం 350 కిలోమీటర్ల దూరపు భూకంపానికి అంతగా ధ్వంసమవడానికి, అది ఒకనాటి సరస్సు అడుగున వెలియడం ప్రధానకారణం. మూసీతీరపు మెత్తనేలపైనా, పూడ్చిన కుంటలపైనా కట్టేవారు ఈ మాటను మరువరాదు.

పరిహారాలు అసాధ్యమైనవి కావు. రాతిగోడలో అక్కడక్కడ రెండు వరుసలనూ కలిపే నిలువెడల్పు రాళ్లు ఉంచాలి. పునాదిపైన, ద్వారబంధాల పైన లింటెల్ స్థాయిలో, పైకప్పు క్రింద ఇంటిని నలువైపులా చుట్టివచ్చే కాంక్రీటు పట్టీలు వేయాలి. గోడ మూలలలో నిలువుకడ్డీలు నిలపాలి. పైభాగపు బరువు తగ్గించాలి. వీథిపైకి వంగిన పిట్టగోడలను, సజ్జలను సరిచేయించాలి. గృహనిర్మాణ వేళ ద్వారం ఏ దిక్కున ఉండాలో పదిమందిని అడిగే గృహస్థు, గోడ మూలలు ఒకదానితో ఒకటి కట్టుబడి ఉన్నాయో లేవో ఒక్క ఇంజనీరునైనా అడగటం వాస్తుపురుషునికి చేసే నిజమైన అర్చన. కంపనం కలిగినప్పుడు ఇరుకువీథిలోకి పరుగెత్తేవానిపై పిట్టగోడ కూలవచ్చు. బలమైన బల్ల క్రింద తలను కాపాడుకొని, కంపనం ఆగిన పిమ్మట మెట్లమార్గాన ఖాళీస్థలానికి చేరడం మేలు.

ఈ వివేకం పూర్వులకు లేనిది కాదు. 2024 భూకంపం పుట్టిన ఆ ములుగు జిల్లాలోనే, పాలంపేటలో, గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయం ఉంది. దాని పునాది ఇసుకతో నింపినది. దాని విమానం నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టినది. పైబరువు తగ్గించాలన్న నేటి ఇంజనీర్ల సూత్రమే ఆ శిల్పుల చేతిలో ఎనిమిది శతాబ్దాల క్రితం ఆలయమైంది. నేలతల్లి ఎప్పుడూ చలింపదనే నమ్మకంతో వారు కట్టలేదు. చలించినా నిలిచేటట్లు కట్టారు. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వంగా గుర్తించినది ఆ వివేకాన్ని కూడా.

పాతనగరానికి తన సొంత స్మృతిలోనే మార్గదర్శనం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాదిమందిని బలిగొన్నప్పుడు, నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పసుపుకుంకుమలు, పట్టువస్త్రాలు సమర్పించి శాంతింపజేశాడని లాల్‌దర్వాజా మహంకాళి ఆలయ ప్రాంగణంలో నేటికీ ప్రతీతి. ఆ కథను భక్తితో చెప్పుకొనేవారు దాని ఉత్తరభాగాన్ని కూడా చెప్పుకోవాలి. అర్చనతో నగరం ఆగలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా కోరింది. ఆయన సూచనల ఫలంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మాణం పొందాయి. పసుపుకుంకుమలు హృదయాన్ని నదివైపు త్రిప్పాయి. ఆనకట్టలు ప్రాణాలను కాపాడాయి. రెంటికీ వైరం లేదు. మొదటిదానితోనే తృప్తిపడి ఉంటే రెండవది లేదు.

భూకంపానికి అట్టి ఆనకట్ట కట్టడం సాధ్యం కాదు. కాని దానిని అవగతం చేసికొనే విద్య ఈ నగరంలోనే నివసిస్తోంది. 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ మార్గాన ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం నెలకొల్పిన సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం కూడా 2007 నుండి హైదరాబాదులోనే పనిచేస్తోంది. సరస్వతి ఇంత సమీపాన వెలసి ఉండగా వదంతులను ఆశ్రయించడం ఆ తల్లికి అపచారం.

జీర్ణోద్ధరణ మహాపుణ్యమని ఆగమసంప్రదాయం ఘోషిస్తుంది. జీర్ణదేవాలయాన్ని ఉద్ధరించడానికి విరాళాలు కూడుతాయి. ప్రతి జీవునిలోనూ అంతర్యామి ఉన్నాడన్నది వేదాంతం గనుక, పేదవాని జీర్ణగృహమూ ఆయన నివాసమే. లాల్‌దర్వాజాలోనో, శాలిబండలోనో బీటలువారిన గోడ చాటున నిద్రించే కుటుంబానికి, ఆ కుటుంబం ఏ దేవుని ఏ పేరుతో పిలిచినా, ఆ గోడకు ఒక పట్టీ వేయించడం జీర్ణోద్ధరణే. ఆలయసంఘాలు, ఉత్సవసమితులు, గణేశమంటపాల నిర్వాహకులు తమ ధనంలో ఒక భాగాన్ని, తమ యువకుల శ్రమలో ఒక భాగాన్ని ఇందుకు కేటాయిస్తే, అంతకు మించిన భూపూజ లేదు.

ప్రాతఃకాలాన శయ్య దిగేముందు పాదస్పర్శకై భూమాతను క్షమాపణ వేడుకొనడం ఆచారం. ఆమె ఆగ్రహానికి భయపడి వేడుకొనేది కాదు అది. తనను మోసేదాని పట్ల మెలకువతో ఉండటం దానిలోని భావం. ఆ మెలకువ పాదంతో ఆగక, పాదం మోపిన నేలకూ, నేలపై నిలిచిన గోడకూ, గోడ ప్రక్కన నిద్రించే పొరుగువానికీ విస్తరించిననాడు ఆ క్షమాపణ సార్థకమవుతుంది. అచల మరల చలించక మానదు. ఆనాటికి గోడలు సిద్ధంగా ఉండాలి.

స్వస్తి.